పాత హై-ఫై సెట్టు అమ్మాలంటే: షాపు ఎక్స్ఛేంజా, యాపులో ప్రకటనా, తోటి ఆడియో అభిమానా?

మంచి యాంప్లిఫయరో, జత స్పీకర్లో, రికార్డులు వాయించే టర్న్‌టేబులో ఇంట్లోంచి పంపించాల్సి వస్తే మన ఊళ్లలో ఐదు దారులున్నాయి. కొత్తది కొనే షాపులోనే పాతది ఎక్స్ఛేంజికి ఇవ్వడం. షాపులో కమిషన్ మీద పెట్టడం. ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో అందరికీ కనబడేలా ప్రకటన వేయడం. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో అయినకాడికి ఇచ్చేయడం. ఇక ఐదోది, ఇదే పిచ్చి ఉన్న మరో మనిషిని వెతికి అతనికి అమ్మడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వస్తువు విలువ దాని మోడల్ నంబరులో, మిగిలున్న వారంటీలో ఉంటే మొదటి మూడు దారుల్లో ఏదైనా చాలు. ఆ వస్తువును ఇన్నేళ్లూ ఎవరు ఎలా చూసుకున్నారు, లోపల ఎవరు చెయ్యి పెట్టారు అన్నదాంట్లో విలువ ఉంటే మాత్రం తోటి అభిమానికే అమ్మాలి. దానికి డబ్బు కట్టేది ఆ ఒక్కడే. మిగతా వాళ్లకి మీ జాగ్రత్త కనపడదు, కనపడనిదానికి ఎవరూ రూపాయి ఇవ్వరు.

ఎక్స్ఛేంజ్: కనబడే ధర, అసలు ధర

షాపులో ఎక్స్ఛేంజి చాలా సుఖం. స్పీకర్లు కారులో వేసుకెళ్లి, కొత్తవి తెచ్చుకోవచ్చు. ఇంటికి అపరిచితులు రారు, రోజూ ఫోన్లు ఉండవు. కానీ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. మీ పాత యాంప్‌కి 35,000 రూపాయలు కడతామన్నారనుకుందాం. కొనబోయే కొత్తది లక్షన్నర. అదే షాపులో పాతది ఇవ్వకుండా డబ్బు మాత్రమే కట్టి కొంటే ఎంత తగ్గిస్తారని ముందు అడగండి. పది శాతం తగ్గిస్తామంటే అది 15,000. ఎక్స్ఛేంజి కలిపితే ఆ తగ్గింపు లేదంటే, మీ పాత యాంప్‌కి నిజంగా వచ్చింది 20,000 మాత్రమే. అందుకే రెండు ప్రశ్నలూ విడివిడిగా, ఈ వరుసలోనే అడగాలి. పాతదాని సంగతి ముందే చెప్పేస్తే ఆ తగ్గింపు ఎంతో మీకు ఎప్పటికీ తెలియదు.

అయినా ఎక్స్ఛేంజికి తగిన వస్తువులు ఉన్నాయి. టీవీనీ స్పీకర్లనీ కలిపే, లోపలే యాంప్ ఉన్న హోమ్ థియేటర్ ఏవీ రిసీవర్ అందులో మొదటిది. పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ ఆట్మోస్ ఇళ్లకి వచ్చే రిసీవర్లలోకి 2014లో వచ్చింది, టీవీకి తగిలించే తీగకి కొత్త హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం 2017లో వచ్చింది. ప్రతి మెట్టుకీ వెనకటి రిసీవర్ల ధర ఒక్కసారిగా పడిపోయింది. వాటిలోని యాంప్ ఎంత బాగున్నా కొనేవాడు చూసేది వెనక ఉన్న సాకెట్లనే. నెలలు ఆగి మంచి ధర తెచ్చుకుందామనుకుంటే ఆ నెలల్లోనే ధర కరిగిపోతుంది. రిసీవర్ని త్వరగా, దొరికిన దారిలో వదిలించుకోవడమే మేలు. కంప్యూటరుకి తగిలించే చిన్న డాక్‌లు (డిజిటల్ పాటని యాంప్‌కి అందేలా మార్చేవి), ఇంటర్నెట్ పాటలు వినిపించే వైర్‌లెస్ స్ట్రీమర్లు కూడా ఇంచుమించు ఇదే జాతి. యాప్ సపోర్ట్ ఆగిపోయిన స్ట్రీమర్ ఎంత ఖరీదైనదైనా డబ్బాతో సమానం.

కమిషన్ మీద పెట్టడం మధ్యేమార్గం. షాపులో డెమో గది ఉంటుంది, వచ్చేవాళ్లు కొనే ఉద్దేశంతోనే వస్తారు. యాంప్ 52,000కి పోయి, పదిహేను శాతం షాపు ఉంచుకుంటే మీ చేతికి 44,200 వస్తుంది. ఇబ్బంది డబ్బు దగ్గర కాదు. మీ సెట్టు నెలల తరబడి ఎవరి చేతిలో ఉంటుంది, దానికి ఏ స్పీకర్లు తగిలిస్తారు, రోజంతా ఆన్‌లో వదిలేస్తారా అన్నది మీ అదుపులో ఉండదు. సీరియల్ నంబరు, ఉన్న గీతలు, కమిషన్ ఎంత, ఎన్నాళ్లు ఉంచుతారు, అమ్మిన ఎన్ని రోజులకి డబ్బిస్తారు అన్నవి రాయించుకుని సంతకం తీసుకోండి. మొహమాటపడి ఊరుకోవద్దు. రాసివ్వడానికి ఇష్టపడని షాపులో పెట్టకండి.

యాపుల్లో ప్రకటన

ఓఎల్ఎక్స్‌లో మీ ప్రకటన చూసే నూటికి తొంభై మందికి హై-ఫై అక్కర్లేదు, "పాటలు పెద్దగా వినబడే సెట్టు" కావాలి. "లాస్ట్ ఎంత?" అన్నదే మొదటి మాట, చాలాసార్లు చివరి మాట కూడా. అలాగని ఈ దారి చెడ్డదనను. కొత్తగా దొరుకుతున్న, అందరికీ తెలిసిన బ్రాండ్ల సౌండ్‌బార్లు, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, మొదటి మెట్టు టర్న్‌టేబుళ్లు ఇక్కడ త్వరగా పోతాయి. పేరు టైపు చేస్తే కొత్త ధర వచ్చేస్తుంది కాబట్టి కొనేవాడికి మీ వివరణ అవసరం లేదు.

ఇక్కడ మోసాలు ఒకే పద్ధతిలో జరుగుతాయి. వస్తువు చూడకుండానే, బేరం ఆడకుండానే అడిగిన ధరకి ఒప్పేసుకుంటారు. ఆర్మీలో ఉన్నామనో, బదిలీ అయ్యామనో చెప్పి ఒక క్యూఆర్ కోడ్ పంపిస్తారు, "స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది" అంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతుందన్నమాట. స్క్రీన్‌షాట్ చూసి వస్తువు ఇవ్వకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి నిలవ చూసుకున్నాకే ఇవ్వండి.

కోఠి, ఎర్రగడ్డ దారి గురించి ఎక్కువ చెప్పను. పనిచేయని సీడీ ప్లేయర్లు, బ్రాండ్ లేని యాంప్లు, బాక్సు పగిలిన స్పీకర్లు అక్కడికి వెళ్లడం న్యాయమే, ఎవరికో విడిభాగాలుగా పనికొస్తాయి. కానీ ఇనప్పెట్టెలా బరువుగా, ముందు భాగం అల్యూమినియంతో, లావు నాబులతో ఉన్న జపాన్ యాంప్ ఏదైనా ఇంట్లో ఉంటే, అది ఏమిటో తెలుసుకోకుండా అటు తీసుకెళ్లకండి.

తోటి అభిమాని దగ్గర ఏం మారుతుంది

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు, చెన్నైలలో ఈ అభిరుచి ఉన్నవాళ్ల సంఖ్య చిన్నదే. ఒకరికి ఇంకొకరు, వాళ్ల ద్వారా మరో పదిమంది తెలుస్తారు. ఒకరింట్లో వినడానికి కలుస్తారు, ఒకరి యాంప్ ఇంకొకరి దగ్గరికి, అక్కణ్ణించి మూడో మనిషికి చేతులు మారుతుంది. ఇందువల్ల రెండు జరుగుతాయి. ఒకటి, మీరు ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ మాట మీ తరువాతి వస్తువుకి కూడా పనికొస్తుంది. రెండు, దాచిపెట్టి అమ్మితే ఆ మాటా అంతే వేగంగా పాకుతుంది.

వీళ్లు అడిగే ప్రశ్నలు వేరు. "ఎంత వాట్స్?" అని అడగరు. "వాల్యూమ్ తిప్పితే గరగర వస్తుందా? ఆన్ చేసిన ఎన్ని సెకన్లకి స్పీకర్లని కలిపే రిలే క్లిక్ మంటుంది? అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కంపెనీవేనా? టర్న్‌టేబుల్ సూది ఎన్ని గంటలు ఆడింది?" అని అడుగుతారు. జవాబులు మీ దగ్గర ఉంటే మీ వస్తువు ధర ఆ జవాబులతోనే పెరుగుతుంది. వీళ్లకి అమ్మడంలో కష్టం కాలమే. సరైన మనిషి దొరకడానికి వారం పట్టొచ్చు, నాలుగు నెలలూ పట్టొచ్చు. వచ్చినవాడు తన రికార్డులు తెచ్చుకుని రెండు గంటలు విని, "ఆలోచించి చెబుతానండీ" అని వెళ్లిపోవచ్చు. డబ్బు అత్యవసరమైనవాళ్లకి ఇది సరిపడే దారి కాదు.

ఒక్కో వస్తువుకీ ఈ తేడా ఎంత ఉంటుందో చూద్దాం.

రెండు చానళ్ల స్టీరియో యాంప్‌కి కాలదోషం లేదు. 1976లో వచ్చిన పయొనీర్ ఎస్‌ఎక్స్-1250 లాంటి ముప్పై కిలోల స్టీరియో రిసీవరుకి (రేడియో కలిసిన యాంప్) ఇవాళ్టి ఫోన్ నుంచి పాట ఇచ్చినా అదే సామర్థ్యంతో వాయిస్తుంది. శాన్సూయి, మరాంజ్, యమహా, కెన్‌వుడ్ 1970ల సెట్లన్నీ అంతే. మామూలు కొనుగోలుదారుకి అవి "రిమోట్ లేని పాత డబ్బాలు." అభిమానికి అవే ప్రాణం. తేడా రెట్లలో ఉంటుంది కాబట్టి వీటికి వేరే దారి చూడనే కూడదు. మన దేశపు సోనోడైన్, కాస్మిక్, నార్జ్ సెట్లకి అంత ధర రాదు, కానీ వాటితో పెరిగిన తరం ఒకటుంది. శుభ్రంగా ఉన్నవాటిని వాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటారు.

స్పీకర్ల దగ్గర మొదటి ప్రశ్న వూఫర్ (బాస్ ఇచ్చే పెద్ద కోను) అంచు. ఆ కాలపు చాలా వూఫర్లకి అంచు ఫోమ్‌తో చేసేవారు. మన గాలిలోని తేమకి ఆ ఫోమ్ పొడిగా రాలిపోతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకా త్వరగా. రబ్బరు అంచు, గుడ్డ అంచు ఉన్నవి నిలుస్తాయి. రెండో ప్రశ్న జత. 1970లలో బీబీసీ ఇంజినీర్లు ప్రసార వ్యానుల్లో వాడుకోవడానికి రూపొందించిన చిన్న స్పీకరు ఎల్‌ఎస్3/5ఏని రోజర్స్, స్పెండర్, హార్బెత్ వంటి సంస్థలు లైసెన్సుతో తయారుచేశాయి. ఆ జతలో రెండిటి సీరియల్ నంబర్లు కలవాలి. కలవకపోతే ధర గణనీయంగా పడిపోతుంది. ఇది యాపులో కొనేవాడికి పట్టదు, అభిమానికి మాత్రం చాలా ముఖ్యం. మూడడుగుల ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్లయితే మాత్రం అభిమాని కోసం దేశమంతా వెతకొద్దు, మీ ఊళ్లోనే చూసుకోండి. కారణం రవాణా, దాని సంగతి కింద చెబుతాను.

టర్న్‌టేబుల్ అన్నది పూర్తిగా అభిమానుల వస్తువు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 1972లో వచ్చింది, 1979లో మార్క్ 2 వచ్చింది, 2010లో తయారీ ఆపేశారు, 2016లో మళ్లీ మొదలుపెట్టారు. ఇంత కాలం ఇన్ని రకాలు వచ్చిన వస్తువులో ఏది ఏదో కొనేవాడికి తెలియాలి. సూదిని మోసే చేయి, అంటే టోన్ ఆర్మ్‌ని వేళ్లతో మెల్లగా కదిపితే బేరింగుల్లో ఊగిసలాట ఉందా, స్పీడ్ సరిచేసే పిచ్ స్లైడర్ మధ్యలో సరిగా లాక్ అవుతోందా అని చూస్తాడు. కార్ట్రిడ్జ్ (టోన్ ఆర్మ్ కొసన సూది ఉండే చిన్న భాగం) మంచిదైతే దాన్ని విడిగా అమ్మడమే లాభం. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జులు తయారుచేయడం మానేసింది కాబట్టి, ఒరిజినల్ సూదితో ఉన్న ఆ కంపెనీ వీ15 కార్ట్రిడ్జ్ ఒకటి మీ దగ్గరుంటే దాన్ని టర్న్‌టేబుల్ ధరలో కలిపేయకండి. దాని స్థానంలో మామూలుది బిగించి ఇవ్వండి, ఆ మాట ముందే చెప్పండి.

సీడీ ప్లేయర్లకి లేజరే ఆయుష్షు. పాత లేజర్ పికప్‌లు చాలా రకాలు తయారీలో లేవు, దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. డిస్కు పెట్టగానే చదువుతోందా, చివరి పాట వరకూ ఎగరకుండా పోతోందా అన్నది వీడియో తీసి పెట్టుకోండి. క్యాసెట్ డెక్‌లలో రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోతుంది, బటన్ నొక్కితే తిరగకపోయినా డెక్ చచ్చినట్టు కాదు. అలాంటిదాన్ని "పనిచేయదు, బెల్టు పోయింది" అని రాసి అభిమానికే ఇవ్వండి, అతను బాగుచేసుకుంటాడు.

అమెరికా సెట్టు, గల్ఫ్ సెట్టు

మన ఇళ్లలో ఉన్న మంచి సెట్లలో చాలా వాటికి విదేశీ ప్రయాణం ఉంది. కువైట్, దుబాయ్ నుంచి వచ్చినవి ఒక రకం, అమెరికా నుంచి కంటెయినర్లో దిగినవి ఇంకొక రకం. అమ్మేటప్పుడు ఈ తేడాయే ధరని సగానికి సగం మార్చగలదు.

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లోనే వాడకానికి చేసినవి 100 వోల్టులు. గల్ఫ్ నుంచి వచ్చిన చాలా యాంప్‌లకి వెనక వోల్టేజి మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, అది ఉంటే దాని ఫొటో తప్పక పెట్టండి. 120 వోల్టుల సెట్టుకి వోల్టేజి తగ్గించే మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఇస్తే కొనేవాడికి ధైర్యం. జపాన్ సెట్టుని బజార్లో దొరికే 110 వోల్టుల స్టెప్‌డౌన్‌తో నడిపితే రోజూ పది శాతం ఎక్కువ వోల్టేజి తగులుతుంది, పాత కెపాసిటర్లకి అది మంచిది కాదు. 100 వోల్టులదే చేయించండి.

వోల్టేజి సరిపోయినా ఫ్రీక్వెన్సీ సరిపోకపోవచ్చు. ఏసీ సింక్రోనస్ మోటారుతో తిరిగే బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్ల వేగం కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. 60 హెర్ట్జ్‌కి చేసినదాన్ని ఇక్కడ పెడితే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28కి కూడా చేరదు. ఘంటసాల గొంతు గుర్తుపట్టలేనంత బరువెక్కుతుంది. అమెరికావే కాదు, సౌదీ నుంచి వచ్చినవాటికీ ఇదే సమస్య, అక్కడ కూడా 60 హెర్ట్జే. మోటారు కొసన ఉండే పుల్లీని 50 హెర్ట్జ్‌ది మార్చాలి. బెల్టు లేకుండా మోటారే పళ్లేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ క్వార్ట్జ్ మోడళ్లకి ఈ బాధ లేదు, వోల్టేజి ఒక్కటి చూసుకుంటే చాలు.

అమెరికా నుంచి శాశ్వతంగా తిరిగి వస్తున్నవాళ్లకి నా సలహా ఇది. లోపల యాంప్ లేని మామూలు పాసివ్ స్పీకర్లకి కరెంటు సంబంధమే లేదు, నచ్చినవైతే తెచ్చుకోండి. వోల్టేజి మార్చే వీలున్న యాంప్‌లూ తెచ్చుకోండి. 120 వోల్టులకే పరిమితమైన సబ్‌వూఫర్లు, లోపలే యాంప్ ఉన్న పవర్డ్ స్పీకర్లు, ఏసీ మోటారు టర్న్‌టేబుళ్లు అక్కడే అమ్మేయండి. అక్కడ తోటి అభిమానుల మధ్య అమ్ముకోవడానికి ఆడియోగాన్, యూఎస్ ఆడియోమార్ట్ లాంటివి ఉన్నాయి. బయల్దేరే వారంలో కాకుండా మూడు నెలల ముందు మొదలుపెడితేనే సరైన ధర వస్తుంది.

బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టా?

ఇది చాలామందిని తికమక పెట్టే ఎంపిక. మామూలు కొనుగోలుదారుకి అమ్ముతుంటే బాగుచేయించండి, పనిచేయనిది అతనికి అక్కర్లేదు. అభిమానికి అమ్ముతుంటే చాలాసార్లు చెయ్యి పెట్టకపోవడమే మేలు. లోపల కంపెనీ టంకమే ఉన్న యాంప్‌కి ఉన్న గౌరవం, ఎవరో ఏవో పార్టులు మార్చిన యాంప్‌కి ఉండదు. బజార్లో తోషిబా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్ల పేరుతో నకిలీలు విరివిగా తిరుగుతాయి. 1980ల సెట్లలో ఉండే ఎస్‌టీకే ఐసీలదీ (యాంప్ పని చేసే చిప్పులు) అదే కథ. పైకి పేరు ఒకటే ఉంటుంది, వాల్యూమ్ పెంచితే కాలిపోతుంది. మార్చిన పార్టులు ఏమైనా ఉంటే, తీసేసిన పాతవి ఒక కవర్లో వేసి సెట్టుతో పాటు ఇవ్వండి. కొనేవాడికి అదే పెద్ద రుజువు.

మీరు చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. దుమ్ము బ్రష్‌తో దులపడం, వెనక సాకెట్లు తుడవడం, గరగరలాడే వాల్యూమ్ కంట్రోలుకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టించడం. తుప్పు వదిలించే స్ప్రే వాడకండి, అది లోపలి ట్రాక్‌ని పాడుచేస్తుంది. ఫోమ్ అంచు మార్పించడం కూడా పనితెలిసిన మనిషి దొరికితే గిట్టుబాటే. వాయిస్ కాయిల్ (కోనుని కదిపే తీగచుట్ట) మధ్యలో సరిగా నిలపడం తెలియనివాడు చేస్తే మంచి వూఫర్ శాశ్వతంగా గీరుకుంటుంది.

ఇక కొలతలు. మల్టీమీటరు ఇంట్లో లేకపోతే తెలిసిన మెకానిక్‌ని పిలవండి. యాంప్‌ని పావుగంట వేడెక్కనిచ్చి, స్పీకర్లు తీసేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే లోపల ఏదో ముసలిదైందని అర్థం. స్పీకర్ల టెర్మినళ్ల దగ్గర నిరోధం చూస్తే ఎనిమిది ఓమ్‌ల స్పీకరు ఆరు దరిదాపుల్లో చూపిస్తుంది. రెండు స్పీకర్లూ ఒకేలా చూపించడం ముఖ్యం. ఈ రెండు అంకెలూ మీటరుతో సహా ఫొటో తీసి పెడితే మీ ప్రకటన మిగతావాటికంటే వేరుగా నిలబడుతుంది.

లోపాలు పైన రాయండి, చివర్లో ఇరికించకండి. "కుడి స్పీకరు వెనక మూల దెబ్బతింది, ఎఫ్ఎం డయల్ బల్బు వెలగదు, రిమోట్ లేదు" అని మొదటి మూడు లైన్లలో రాసి, ఆ దెబ్బని దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టండి. ధర తగ్గుతుందని భయపడేవాళ్లకి చెబుతున్నాను: వచ్చి చూశాక బయటపడ్డ గీత దగ్గర తగ్గే ధర, ముందే చెప్పిన గీత దగ్గర తగ్గేదానికంటే ఎప్పుడూ ఎక్కువే. ఒక్క గీత దాస్తే మిగతా మాటలన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది.

ధర పెట్టేటప్పుడు జనం అడుగుతున్న ధర చూడకండి, చేతులు మారిన ధర చూడండి. ఈబేలో డాలర్లలో ఎవరో పెట్టుకున్న అంకెని రూపాయల్లోకి మార్చి అదే మన ధర అనుకోవడం చాలామంది చేసే పని. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ అక్కడే ఉంటుంది, అది పెట్టి చూడండి. ఇప్పటికీ కొత్తగా దొరికే మోడలైతే ఎంఆర్‌పీ కాకుండా షాపులో నిజంగా ఎంతకి ఇస్తున్నారో కనుక్కుని, అక్కణ్ణించి దిగండి. "బేరం లేదు" అని రాస్తే ఆ మాట మీదే ఉండాలి. బేరానికి చోటు పెట్టుకుంటే అది కొద్దిగా ఉండాలి.

ఇంటి దగ్గర ఇవ్వడమా, పార్శిలా

వీలైనంతవరకూ ఇంటి దగ్గరే ఇవ్వండి. కొనేవాడు తన చెవులతో విని, తన కళ్లతో చూసి, తన చేతులతో ఎత్తుకెళ్లిన బేరానికి తగాదా ఉండదు. అతను రాకముందే సెట్టు ఆన్ చేసి ఉంచండి. తన సొంత రికార్డులు, సొంత పాటలు పెట్టుకోనివ్వండి. పక్కన కూర్చుని "ఆ బాస్ చూశారా" అంటూ వ్యాఖ్యానం చేయకండి, కాఫీ ఇచ్చి వదిలేయండి. తెలిసినవాడు పరీక్షించడంలో మీకు అవమానమేమీ లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లయితే మాత్రం బంధువునో స్నేహితుడినో తోడు ఉంచుకోండి.

దూరపు ఊరికి పంపాల్సి వస్తే లెక్క ముందే వేయాలి. కొరియర్లు అసలు బరువు కాకుండా పెట్టె కొలతల బరువుకి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. ఒక ఫ్లోర్ స్టాండర్ పెట్టె 110, 40, 50 అయితే 44 కిలోలు, జతకి 88. అందుకే పెద్ద స్పీకర్లు ఊళ్లోనే అమ్మమన్నాను. నవత లాంటి లారీ సర్వీసుల్లో ఖర్చు తగ్గుతుంది, ఆర్టీసీ కార్గోలోనూ పంపొచ్చు. ఎక్కించి దించే చేతులు ఎన్నో ఉంటాయి కాబట్టి ప్యాకింగు మీ బాధ్యతే.

టర్న్‌టేబుల్ పళ్లెం తీసి విడిగా చుట్టాలి. టోన్ ఆర్మ్ వెనక ఉండే బరువు, కౌంటర్‌వెయిట్ విప్పాలి, టోన్ ఆర్మ్‌ని దాని ఆనికకి కట్టాలి, సూదికి తొడుగు వేయాలి. స్ప్రింగుల మీద తేలే మోడలైతే, దారిలో కదలకుండా పట్టి ఉంచే ట్రాన్సిట్ స్క్రూలు బిగించాలి. గాజు గొట్టాలతో పనిచేసే వాల్వ్ యాంప్ అయితే ఆ వాల్వులన్నీ తీసి, ఏది ఏ చోటిదో నంబరు వేసి, ఒక్కోదాన్నీ వేరేగా చుట్టాలి. పెట్టెలో పెట్టె, మధ్యలో నాలుగు వేళ్ల మందం థర్మాకోల్. బరువైన యాంప్‌కి ప్లైవుడ్ పెట్టె చేయించడం ఖర్చు కాదు, బీమా. సీరియల్ నంబరు కనబడేలా ప్యాక్ చేస్తున్న వీడియో తీసి కొన్నవాడికి పంపండి, అతన్ని కూడా విప్పేటప్పుడు వీడియో తీయమనండి.

డబ్బు సంగతి: చిన్న అడ్వాన్సుతో వారం ఆపండి, అంతకంటే వద్దు. పార్శిల్ అయితే పూర్తి డబ్బు పడ్డాకే పంపండి. ప్రతిగా మీరూ ఒక హామీ ఇవ్వాలి. అందిన మూడు రోజుల్లో మీరు చెప్పని లోపం బయటపడితే వెనక్కి తీసుకుంటామని, శబ్దం నచ్చలేదంటే తీసుకోమని వాట్సాప్‌లో ముందే రాసుకోండి.

నాన్నగారో తాతగారో వదిలివెళ్లిన సెట్టు అమ్మేవాళ్లకి విడిగా ఒక మాట. ఏళ్ల తరబడి మూలన ఉన్న యాంప్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టి ఆన్ చేయకండి. తెలిసిన మెకానిక్‌తో సిరీస్ బల్బు (కరెంటు తీగ మధ్యలో కలిపే ఫిలమెంట్ బల్బు) కలిపి ఆన్ చేయించండి. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలిగి ఊరుకుంటుంది, యాంప్ కాలదు. వెనక ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసి, కొనే ఉద్దేశం లేని ఒక అభిమానికి చూపించి ధర అడగండి, కొనబోయేవాణ్ణి అడగొద్దు. అన్నీ ఒకే మనిషికి గంపగుత్తగా ఇచ్చేయకండి, విడివిడిగా అమ్మితే సాధారణంగా ఎక్కువే వస్తుంది. ఎవరినీ పిలవకముందు బీరువాలు, సొరుగులు వెతకండి: బిల్లు, మాన్యువల్, రిమోట్, ట్రాన్సిట్ స్క్రూలు, 45 ఆర్‌పీఎం రికార్డుల మధ్యలో పెట్టే గుండ్రటి అడాప్టరు, స్పీకర్ల ముందు గుడ్డ జాలీలు, విడి సూదులు. పాత బట్టల పెట్టె అడుగున దొరికిన ఒక విడి సూది, కొన్నిసార్లు కార్ట్రిడ్జంత ఖరీదు చేస్తుంది.